పుస్తకం చివర మిగిలిపోయిన పాఠం

(సొసైటీ వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ సభలో మేము ఎంతమందికి ఫీజులు కట్టామో, ఎన్ని పుస్తకాలు పంచామో చెప్పి కూర్చుంటాం. ఈసారి ఆ లెక్క కార్యదర్శి గారు చెబుతారు. మేము మాత్రం మీరిచ్చిన సొమ్ముతో మేము చేసిన ఒక పొరపాటు గురించి, దాన్ని సరిదిద్దుకునే దారి గురించి చెప్పదలిచాం. మీ డబ్బు మా చేతిలో అమానత్. మంచి జరిగినప్పుడు ఒక్కటే చెప్పి, తప్పు జరిగినప్పుడు ఊరుకుంటే అది అమానత్ కాదు.

గత కొన్నేళ్లుగా మన దగ్గరికి వచ్చే దరఖాస్తులు మారాయి. ఇదివరకు ఐటీఐ, పాలిటెక్నిక్, బీఎడ్, నర్సింగ్ అని రాసేవారు. ఇప్పుడు నిజామాబాద్, బోధన్ పిల్లలు డిగ్రీ కాగానే డేటా అనలిటిక్స్, పైథాన్, ఆర్ ప్రోగ్రామింగ్, క్లినికల్ శాస్ అని రాస్తున్నారు. హైదరాబాద్ అమీర్‌పేటలో మూడు నాలుగు నెలల కోర్సు, హాస్టల్ ఖర్చు, సొసైటీ సాయం చేయాలి అని అడుగుతున్నారు. చాలామంది దాతలు మమ్మల్ని, “మాస్టర్ సాబ్, అసలు ఇదేం చదువు?” అని అడిగారు. ముందు దానికి జవాబు చెబుతాం.

బోధన్ వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. మా అబ్బాజాన్ షక్కర్‌నగర్‌లో చెరకు కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశారు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొందింది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు బండ్ల మీద వచ్చి కాటా ముందు వరుస కట్టేది. బండిని చెరకుతో ఒకసారి తూచేవారు, ఖాళీ చేసి వచ్చాక మళ్లీ తూచేవారు. రెండింటి తేడా రైతు పేరు మీద రిజిస్టరులో ఎక్కేది. లోపల ప్రయోగశాలలో చెరకు రసం పరీక్షించేవారు. నూరు టన్నుల చెరకు ఆడితే పది టన్నుల చక్కెర వస్తే రికవరీ పది శాతం అన్నమాట.

ఈ రికవరీ లెక్క మీదే ఇప్పటికీ రైతు ధర ఉంటుంది. 2024-25 సీజనుకు కేంద్ర ప్రభుత్వం 10.25 శాతం రికవరీ ఉన్న చెరకుకు క్వింటాలుకు 340 రూపాయలు నిర్ణయించింది. ఆ పైన పెరిగే ప్రతి 0.1 శాతానికి రూ. 3.32 అదనం. చుక్క తర్వాత ఒక్క అంకె తప్పు రాస్తే ఎవరిదో ఇంటి సొమ్ము పోతుంది. అందుకే మా అబ్బాజాన్ రాత్రి ఇంటికి వచ్చాక కూడా ఆ రోజు కూడికలను వేళ్ల మీద మళ్లీ చూసుకునేవారు.

డేటా అనాలిసిస్ అంటే ఈ పనే. రిజిస్టరు కంప్యూటర్లోకి వచ్చింది. వందల బండ్ల స్థానంలో లక్షల వరుసలు వచ్చాయి. ఆ వరుసల్లో తప్పులు ఏరడం, ఖాళీలు గుర్తించడం, లెక్క కట్టడం, ఆ లెక్క ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో వివరించడం. ఇందుకోసం కంప్యూటరుకు ఆదేశాలు రాయడాన్ని స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్ అంటారు.

షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. ఆ కాలనీలో పెరిగిన పిల్లలు ఒకరు గల్ఫ్‌కు, ఒకరు హైదరాబాద్‌కు, ఒకరు ఆటో స్టాండుకు చేరారు. కానీ ఆ లెక్క రాసే పని మాత్రం ఇంకా పెరిగింది. నిజామాబాద్ మార్కెట్ యార్డునే చూడండి. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో మనది ఒకటి. పసుపు ఏ రోజు ఎంత వచ్చింది, ఏ ధర పలికింది అన్నది ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంది. బ్యాంకులకు, బీమా కంపెనీలకు, ఆసుపత్రులకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

హైదరాబాద్‌లో మందుల పరిశోధనకు సంబంధించిన కంపెనీలు చాలా ఉన్నాయి. కొత్త మందును మనుషుల మీద పరీక్షించినప్పుడు ఎవరికి గుణం కనిపించింది, ఎవరికి ఇబ్బంది కలిగింది అన్న వివరాలన్నీ పట్టికలుగా తయారు చేసి అమెరికా వంటి దేశాల ప్రభుత్వ సంస్థలకు పంపాలి. ఆ పట్టికలు ఎక్కువగా ఎస్.ఏ.ఎస్. అనే సాఫ్ట్‌వేర్‌తో చేస్తారు. దీన్నే మన పిల్లలు శాస్ అంటున్నారు. ఇది మొదట అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ పరిశోధనల లెక్కల కోసం పుట్టింది. 1976లో కంపెనీ అయింది.

ఈ పనిలో ఒక పద్ధతి మాకు చాలా నచ్చింది. ముఖ్యమైన పట్టికను ఒకరు తయారు చేస్తే, ఇంకొకరు ఆ ప్రోగ్రాం చూడకుండా అదే పట్టికను సొంతంగా తయారు చేస్తారు. తర్వాత రెండూ పోల్చి చూస్తారు. ఒక్క అంకె తేడా వచ్చినా కారణం దొరికేదాకా అది ముందుకు పోదు. అప్పు రాసుకునేటప్పుడు ఇద్దరు సాక్షులను పెట్టుకోమని మన దీన్ నేర్పింది కదా. సాక్ష్యం అబద్ధమైతే నష్టం ఎవరికో ఒకరికి తప్పదని మనకు చిన్నప్పటి నుంచే తెలుసు.

ఇక మా పొరపాటు సంగతి.

బోధన్ దగ్గరి పల్లె నుంచి ఒక పిల్లవాడు. తండ్రి చెరకు నరికే పనికి, అది లేనప్పుడు హమాలీ పనికి పోతాడు. బీకాం పాసయ్యాడు. తెలివైనవాడు, మా దగ్గరే పదో తరగతి చదివాడు. సొసైటీ తరఫున ఫీజు కట్టి హైదరాబాద్ పంపాం. ఫీజు మొత్తం ఒకేసారి కట్టించుకున్నారు. మూడు నెలలు శ్రద్ధగా నేర్చుకున్నాడు. కోర్సు అయ్యాక ఒక రాత్రి ఫోన్ చేశాడు.

“సార్, రెజ్యూమెలో రెండేళ్లు ఉద్యోగం చేసినట్టు రాయమంటున్నారు. అట్ల రాస్తేనే ఇంటర్వ్యూకు పిలుస్తరట. సొసైటీ పైసలు పెట్టింది కదా సార్, రాయమంటారా?”

మాకు వెంటనే నోట మాట రాలేదు. మీ ముఖాలే గుర్తొచ్చాయి. “వద్దు బేటా” అన్నాం. వాడు రాయలేదు. నిజం రాసిన రెజ్యూమెతో ఒక్కచోట ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్ ప్రశ్నలకు బాగానే చెప్పాడట. తర్వాత, “జీతాల వివరాలు ఇస్తే సగటు తీస్తావా, మధ్యగతం తీస్తావా? ఎందుకు?” అని అడిగారట. రెండింటికీ కమాండ్ తెలుసు. ఎందుకో తెలియదు.

ఇంటికి వచ్చేశాడు. బస్టాండు దగ్గర మొబైల్ దుకాణంలో చేరాడు. మమ్మల్ని కలిసినప్పుడు ఏ నిష్ఠూరం లేకుండా, “సార్, అది పదో తరగతిలో ఉన్నదే అంట. ఆ పాఠం మనకు చెప్పలేదు కదా” అన్నాడు.

వాడు అన్నది నిజం. పదో తరగతి గణిత పుస్తకంలో పద్నాలుగు అధ్యాయాలు. పదమూడోది సంభావ్యత, పద్నాలుగోది సాంఖ్యక శాస్త్రం. అక్కడికి వచ్చేసరికి పరీక్షలు దగ్గర పడతాయి. రివిజన్, ప్రీ-ఫైనల్స్, రిజల్టు ఒత్తిడి. “ఈ మూడు సూత్రాలు బట్టీ పట్టండి, మార్కులు ఖాయం” అని చెప్పి ఎన్నో ఏళ్లు ముగించేశాం. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎంతమంది పిల్లలకు అలా చేశామో మాకే తెలియదు. ఆ సంస్థ అబద్ధం రాయమంది, అది పాపం. కానీ అబద్ధం తప్ప వేరే మెట్టు లేని స్థితిలో ఆ పిల్లవాడిని అక్కడికి పంపింది మేమే.

ఆ పాఠం ఎందుకంత ముఖ్యమో చిన్న ఉదాహరణ చెబుతాం. ఒక గల్లీలో పది ఇళ్లున్నాయనుకోండి. తొమ్మిది ఇళ్ల ఆదాయం నెలకు 12 వేలు. పదో ఇంట్లో కొడుకు దుబాయిలో పెద్ద ఉద్యోగం, నెలకు లక్షా 92 వేలు. మొత్తం కలిపితే 3 లక్షలు. పదితో భాగిస్తే సగటు 30 వేలు. కాగితం మీద ఆ గల్లీలో బీదవాళ్లే లేరు. అదే ఆదాయాలను చిన్నది నుంచి పెద్దదాకా వరుసగా పేర్చి నడుమ ఉన్నదాన్ని చూస్తే 12 వేలు వస్తుంది. అది మధ్యగతం. మన సొసైటీ ఆ గల్లీకి రేషన్ ఇవ్వాలా వద్దా అన్నది ఏ లెక్క చూశామన్నదాని మీద ఉంటుంది. కంప్యూటరు రెండూ క్షణంలో చెబుతుంది. ఏది అడగాలో మనిషికే తెలియాలి.

ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు, “ఇప్పుడు ప్రోగ్రాం కూడా యంత్రమే రాసిస్తోందట కదా, ఇంకా ఈ కోర్సులెందుకు?” అని. నిజమే, రాసిస్తోంది. అందుకే కమాండ్లు మాత్రమే నేర్చుకున్నవాడికి కష్టం పెరుగుతోంది. యంత్రం ఇచ్చిన జవాబు తప్పని కనిపెట్టగలిగేవాడి అవసరం తగ్గలేదు. దానికి పునాది కావాలి, మూడు నెలల్లో అది రాదు.

శిక్షణ కోర్సులే దండగ అని మేము అనడం లేదు. ప్రపంచం మెచ్చిన మన తెలుగువాడు సి.ఆర్. రావు గారి జీవితమే అందుకు సాక్ష్యం. 1920లో హడగలిలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. మొదటి శ్రేణిలో పాసయ్యారు. ఉద్యోగం దొరకలేదు. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా, మహలనోబిస్ గారు నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ కోర్సు ఉందని తెలిసి 1941లో చేరారు. ఆ శిక్షణే ఆయన జీవితాన్ని మార్చింది. 1945లో, పాతికేళ్ల వయసులో రాసిన పరిశోధన పత్రం ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. కోర్సులో చేరేనాటికే ఆయనకు గణితం గట్టిగా ఉంది, తర్వాత ఏళ్ల తరబడి అక్కడే కొనసాగే అవకాశం దొరికింది. మన పిల్లవాడికి ఈ రెండూ మనం ఇవ్వలేదు.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-కిందీ రహస్య లిపిలో రాసిన ఉత్తరాలను విప్పే పద్ధతి రాశారు. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు, భాషలో తరచుగా వచ్చే అక్షరంతో పోల్చు అన్నారు. లెక్కపెట్టి తెలియనిదాన్ని ఊహించడంలో అది తొలి అడుగుల్లో ఒకటి. అల్గారిథమ్ అన్న మాటే అల్-ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. వాళ్ల పేర్లు చెప్పుకుని మురిసిపోవడం సులువు. వాళ్లలా కూర్చుని లెక్కపెట్టడానికి మన పిల్లలకు బల్ల, దీపం, సమయం ఇవ్వడమే ఇప్పుడు మన పని.

నిజామాబాద్‌లో ఒక అమ్మాయి సంగతి కూడా చెబుతాం. తల్లి బీడీలు చుడుతుంది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ హాస్టల్‌కు ఇంట్లో ఒప్పుకోలేదు. మేము కూడా బలవంతం చేయలేదు. బంధువుల పాత లాప్‌టాప్ రాత్రి పది తర్వాత ఆమెకు దొరుకుతుంది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు అధ్యాపకులు, రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్, 1990ల మొదట్లో తమ విద్యార్థులకు పాఠం చెప్పడానికి తయారు చేశారు. తర్వాత లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చేశారు, మనవాళ్లు బావి తవ్వించి వక్ఫ్ చేసినట్టు. పైథాన్ కూడా ఉచితమే. ఆ అమ్మాయి ఆర్ దించుకుని, తల్లి బీడీ లెక్క పుస్తకాన్నే ఎక్కించింది. ఏ రోజు ఎన్ని చుట్టింది, ఎన్ని పనికిరావని పక్కన పెట్టారు, ఎంత కూలి వచ్చింది. వానాకాలంలో పక్కన పెట్టేవి ఎక్కువని తల్లి ఎప్పుడూ అంటుంది. “అమ్మీ చెప్పింది నిజమా కాదా చూద్దామనుకున్నా సార్” అంది. ఒక్క ఏడాది లెక్కతో తేల్చి చెప్పలేమని, కనీసం ఇంకో రెండేళ్ల పుస్తకాలు కావాలని తనే చెప్పింది. ఆ మాట విన్నప్పుడు మాకు అనిపించింది, ఈ అమ్మాయికి చదువు వంటబట్టిందని. ఆమెకు ఇంకా ఉద్యోగం రాలేదు. ప్రయత్నిస్తోంది.

ఈ ఇద్దరినీ చూశాక మా కమిటీ కొన్ని మార్పులు కోరుతోంది.

మొదటిది, కోర్సు ఫీజుకు ముందు పునాది. దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ ఆరు నెలలు ఇక్కడే, నిజామాబాద్‌లో, బోధన్‌లో, ఆదివారాలు, సాయంత్రాలు గణితం, సాంఖ్యక శాస్త్రం, ఎక్సెల్, ఇంగ్లిష్ చెబుదాం. పాఠాలు చెప్పడానికి మేము సిద్ధం, మాకు ఏమీ అక్కర్లేదు. ఇది ఒక రకంగా మా బాకీ. అమ్మాయిలకు ఇంటికి దగ్గర్లో వేరే గది, వీలైతే మహిళా ఉపాధ్యాయులు.

రెండోది, లాప్‌టాప్‌లు. దానంగా కాదు, అమానత్‌గా ఇద్దాం. చదువు అయ్యాక తిరిగి ఇవ్వాలి, తర్వాతి బిడ్డకు వెళ్లాలి. మీ ఆఫీసుల్లో మార్చేసిన పాతవి పనిచేసే స్థితిలో ఉంటే అవి కూడా చాలు.

మూడోది, పేరున్న, ఖర్చు తక్కువ దారులు ముందు చూద్దాం. స్వయం, ఎన్‌పీటెల్‌లలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు రుసుము కట్టాలి. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టింది. జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ పాసై, పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉంటే వాళ్ల అర్హత పరీక్షకు సిద్ధం కావచ్చు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు కేంద్రంలో. దశలవారీగా సాగుతుంది కాబట్టి మధ్యలో ఆపినా చదివినంతకు ఏదో ఒక గుర్తింపు ఉంటుంది.

నాలుగోది, ప్రైవేటు సంస్థకు పంపవలసి వస్తే ముందు మేమే వెళ్లి చూస్తాం. పాఠం చెప్పేది ఎవరు, పిల్లలు ఏ వివరాల మీద సాధన చేస్తారు, ఇంతకుముందు చదివినవాళ్లతో మాట్లాడనిస్తారా అని అడుగుతాం. ఫీజు వాయిదాల్లో కడతాం. దొంగ అనుభవం రాయమనే చోటికి సొసైటీ సొమ్ము ఒక్క రూపాయి పోదు. హరామ్ మెట్టు ఎక్కించి హలాల్ జీతం తెచ్చుకోమని మన పిల్లలకు చెప్పలేం.

ఈ ఖర్చులకు జకాత్ వాడవచ్చా లేదా అన్నది ఉలమాలను అడిగి నడుచుకుంటాం. మేము ఈ రోజు అడుగుతున్నది విరాళాలు, సదఖా గురించి. ఇంకా ముఖ్యంగా అడుగుతున్నది ఓపిక. మూడు నెలల్లో ఉద్యోగం చూపించండి అని మీరు అడిగితే మేము మళ్లీ పాత పొరపాటే చేస్తాం. రెండేళ్లు ఇవ్వండి. ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేం. నిజం రాసిన రెజ్యూమెతో, అడిగిన ప్రశ్నకు కారణం చెప్పగలిగే పిల్లలను తయారు చేస్తామని మాత్రం మాట ఇస్తున్నాం.

చివరగా ఒక మాట. మొబైల్ దుకాణంలో ఉన్న ఆ పిల్లవాడిని పోయిన నెల కలిశాం. “ఆ పాఠం ఇప్పుడు చెబుతాం, వస్తావా?” అని అడిగాం. దుకాణం రాత్రి తొమ్మిదికి మూస్తారట. “తొమ్మిదిన్నరకు వస్తా సార్” అన్నాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు మా ఇంటి వరండాలో కూర్చుంటున్నాం. పద్నాలుగో అధ్యాయం నుంచే మొదలుపెట్టాం. ఆ వరండాలో ఇంకా చోటుంది. మీరు తోడుంటే గదులే దొరుకుతాయి.

అల్లాహ్ మన ఖిద్మత్‌ను స్వీకరించుగాక, మన బిడ్డలకు ఉపయోగపడే ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.